ఉప్పు చూసే మనిషి

చిన్న ఉండ. గోళీకాయంత కూడా లేదు. పెనం మీద అటూ ఇటూ దొర్లించి, ఎర్రగా వేగాక సత్తు సాసర్లో వేసి, అత్తగారు షహజాది ఆ సాసర్ని షంషాద్ ముందు పెట్టింది. "ఉప్పు సూడు దుల్హన్. నాను తక్కువే ఏసాను. సాలకపోతే కలిపీ. ఈలోగా నమాజు సదువుకొచ్చెత్తాను" అని కొంగు తల మీదికి లాక్కుంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. అంతే. అందులో వింతేముంది? ప్రతి రంజానుకీ ఆ ఇంట్లో జరిగేదే. రోజా ఉన్నవాళ్ళు పొద్దుగూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు కదా, మరి వంటలో ఉప్పు సంగతి చెప్పడానికి రోజా లేని నోరు ఒకటి కావాలి. నెలసరి వచ్చిన ఆడదానికి ఆ రోజుల్లో రోజా ఉండదు, నమాజూ ఉండదు. కాబట్టి ఉప్పు ఆమె చూస్తుంది. షహజాదికి ఆ గొడవ తీరిపోయి చాలా కాలమైంది. ఇక ఇంట్లో మిగిలిన ఆడదల్లా కోడలు. పెరట్లో స్టవ్వు ముందు కూచున్న షంషాద్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని సాసర్ వంక చూసింది. ఉండ మీద నూనె ఇంకా చిటపటమంటోంది. ఆమెకి నెలసరి రాలేదు. ఈ నెలే కాదు, పోయిన నెల కూడా రాలేదు. ఆ సంగతి కట్టుకున్న నజీర్‌కి కూడా తెలీదు. అత్తగారు లేదనుకుంటోంది గానీ, ఆమె రోజా ఉంది.

ఎండాకాలపు రంజాను. పాత పోస్టాఫీసు వెనక సందుల్లో ఈ వేళప్పుడు గాలి కూడా రోజా ఉన్నట్టే కదలకుండా పడి ఉంటుంది. హార్బరు వైపు నుంచి ఏదో ఓడ ఒకసారి కూత పెట్టి ఊరుకుంది. గిన్నెలో కైమా, రోట్లో రుబ్బి తీసిన కైమా, మెత్తగా, తడిగా, పుదీనా అల్లం వెల్లుల్లి, వేపిన శనగపప్పు పొడి, గసగసాలు, లవంగం, చెక్క, అన్నీ కలిసిపోయి, ఆ అన్నిటి అడుగున పచ్చి మాంసపు వాసన. బుద్ధెరిగినప్పటి నుంచీ షంషాద్‌కి ఆ వాసనంటే ప్రాణం. భీమిలిలో పుట్టింట్లో కోఫ్తాలు చేసిన రోజున ఆమె వంటింటి గడప వదిలేది కాదు, నానమ్మ చీపురు చూపించినా వదిలేది కాదు. అలాంటిది ఇవాళ ఆ వాసన ముక్కు దాకా వచ్చి, గొంతు దగ్గర ఒక్క క్షణం ఆగి, కడుపులో తిప్పేసింది. ఇంకో రోజైతే ముఖం చిట్లించేదే. ఇవాళ సంతోషించింది. వికారమేనా? వికారమే అయితే రా తల్లీ, రా, రోజూ రా, నిన్ను ఎవరు కాదన్నారు. మళ్ళీ వెంటనే భయం వేసింది. వికారానికి వేయి కారణాలు. పొద్దుట్నుంచీ కడుపు ఖాళీ, ఎండ, కిరసనాయిలు స్టవ్వు కంపు. సంతోషపడకు షంషాద్, సంతోషపడ్డ ప్రతిసారీ ఏమైందో నీకు తెలీదా?

తెలుసు. తెలియకేం. మొదటిసారి నెల తప్పినప్పుడు మొదటి వారంలోనే, ఇంకా ఎవరికీ చెప్పాల్సిన వేళ కూడా కాదు, అత్తగారి చెవిలో వేసింది. షహజాది మంచి మనిషి. ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. ఆకలితో గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఒట్టి చేతుల్తో పంపదు, కోడల్ని ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. కాకపోతే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సంతోషం వస్తే మరీను. ఆ సాయంత్రానికి గోడవతలి మంగాయమ్మకి తెలిసింది, మర్నాటికి సందంతా తెలిసింది, శుక్రవారానికి కొండ మీద దర్గా దగ్గర పూలమ్మే ముసలాడు కూడా "ఏటమ్మా, మనవడంట గదా" అని అడిగాడు. మావగారు పీర్ మహమ్మద్ కురుపాం మార్కెట్ దగ్గర తన ట్రంకుపెట్టెల కొట్లో వచ్చినవాళ్ళందరికీ టీ పోయించాడు. మంగాయమ్మ సున్నుండలు చేసి తెచ్చింది. మూడో నెల నిండకుండానే అంతా అయిపోయింది. అయిపోయాక, ఒక్కొక్కరికీ మళ్ళీ చెప్పాలి కదా. అదీ సందంతా తిరిగింది, అదే దారిలో, అవే గుమ్మాల ముందు ఆగుతూ. రెండోసారి కూడా అంతే. ఈసారి ఎవరితోనూ అనకండి అమ్మీ అని షంషాద్ చెయ్యి పట్టుకుని బతిమాలింది, షహజాది ఒట్టేసింది, ఒట్టు రెండు రోజులు నిలిచింది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అనకుండా చూసేవారు. నీళ్ళ కుళాయి దగ్గర మాటలు ఆపి చూసేవారు. బిడ్డ పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆ చూపులు మోసుకుని ఇంటికి రావడం ఇంకో ఎత్తు.

నూనె చిటపటలు ఆగిపోయాయి. పిల్లి వచ్చింది. బూడిదరంగు పిల్లి, గోడ మీంచి దిగి, సాసర్ దగ్గరికి హక్కుదారులా నడిచి వచ్చింది. దానికి అలవాటైపోయింది మరి. ఈ నాలుగు రోజుల్నుంచీ మధ్యాహ్నం అత్తగారు కోడలి కోసం వంటింటి తలుపు వెనక అన్నం మూతపెట్టి ఉంచుతోంది. ఎవరి కంటా పడకుండా తినాలి, అదీ పద్ధతి. రోజా లేని ఆడది తలుపు చాటున తిని, మూతి తుడుచుకుని, ఉన్నదానిలా నీరసంగా తిరగాలి, మగవాళ్ళకి తెలియకూడదు. షంషాద్ వ్యవహారం తలకిందులుగా నడుస్తోంది. నెల తప్పిన సంగతి బయటపడకుండా, ఉండీ లేనట్టు తిరుగుతోంది. తలుపు వెనక అన్నం పిల్లికి పెట్టి, ఖాళీ కంచం కడిగి బోర్లిస్తోంది. నమాజు కూడా అత్తగారి ఎదట చదవడానికి లేదు. పడుకుని, దుప్పటి ముసుగేసుకుని, కళ్ళు మూసుకుని లోలోపలే చదువుకుంటోంది. దొంగతనం చేసేవాళ్ళు ఉంటారు గానీ దొంగతనంగా పుణ్యం చేసేవాళ్ళు ఉంటారా? అల్లాకి ఇది నవ్వులాటగా ఉండి ఉంటుంది. నవ్వుకోనీ. నవ్వుకుంటే మంచిదే, నవ్వేవాళ్ళు ఏదైనా అడిగితే ఇస్తారు. పిల్లి ఉండని ఒక్కసారి నాకి, నోట కరుచుకుని, గోడెక్కి కూచుని తిని, మళ్ళీ ఆమె వంక చూసింది. ఉప్పు సరిపోయిందా లేదా పిల్లి చెప్పదు.

సరిపోదు, ఎలాగూ. అత్తగారు తక్కువ వేశానని చెప్పనే చెప్పింది. షంషాద్ దంచిన ఉప్పు డబ్బా దగ్గరకు లాక్కుని చిటికెడు తీసి కైమా మీద చల్లి, అరచేత్తో అదిమి, మడిచి, మళ్ళీ అదిమింది. నాలిక చివర పెట్టి ఉమ్మేస్తే రోజా పోదని పెద్దవాళ్ళంటారు. షహజాది కూడా అంది ఒకసారి, వంట చేసే మనిషికి ఆ మాత్రం సడలింపు ఉందని. కానీ షంషాద్ మొక్కుకుంది. దర్గా కొండ మెట్ల మీద కూచుని, కింద హార్బరు ఛానల్లో ఓడ మెల్లగా లోపలికి వస్తుంటే, ఈ ఒక్కసారి నిలబెట్టు, ఈ నెల ఒక్క రోజా కూడా వదలను, సందేహం ఉన్న పని ఒక్కటీ చెయ్యను అని. కడుపుతో ఉన్నవాళ్ళకి రోజా అక్కర్లేదుగా అని ఎవరైనా అనొచ్చు. కడుపుతో ఉన్నానని ఎవరికి చెప్పి ఆ సెలవు తీసుకోవడం? ఇలాంటి బేరాలు పెట్టుకోకూడదని కూడా ఆమెకి తెలుసు. పెట్టుకుంది. బేరమాడిన మనిషి నాలిక చివర ఉప్పు పెట్టి ఉమ్మేసి, ఇది లెక్కలోకి రాదులే అని ఎలా అంటుంది? అవతల ఉన్నవాడు లెక్కేస్తే?

"అమ్మాయ్, ఇంకా మొదలెట్టలేదా ఏంటి? వాసన మా ఇల్లంతా నిండిపోయింది" అంది మంగాయమ్మ గోడ మీంచి తల పెట్టి. వాళ్ళది రాజోలు దగ్గర ఏదో ఊరు. మొగుడు పోర్టులో గుమాస్తా. ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళైనా ఆవిడ మాటలో కాలవగట్టు యాస పోలేదు. కోఫ్తా అనడం రాదు, రానివ్వదు, కైమా ఉండలు అంటుంది. షంషాద్‌కి ఒక్కసారిగా ఆశ పుట్టింది. ఇదుగో రోజా లేని నోరు, గోడవతలే ఉంది, ఇన్నాళ్ళూ తట్టలేదు!

"పిన్నీ, ఒక సిన్న ఉండ ఏపి ఇత్తాను, ఉప్పు సూసి సెప్తావేటి?"

"ఇవాళ శనివారమే తల్లీ, నీసు ముట్టను. రేపయితే గిన్నెడు పంపు, ఉప్పూ చెబుతాను, కారమూ చెబుతాను." మంగాయమ్మ నవ్వింది. "అయినా నువ్వున్నావుగా చూడ్డానికి? మీ ఇల్లే నయమే. మా అత్తగారింట్లో ఆ మూడ్రోజులూ వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు, పెరట్లో గోనెపట్టా మీద కూచోబెట్టేవారు. మీ అత్తగారు పిలిచి మరీ ఉప్పు చూడమంటుంది."

అవును పిన్నీ అంది షంషాద్, నవ్వు తెచ్చిపెట్టుకుని. మంగాయమ్మ తల గోడవతలికి దిగిపోయింది. ఆ గోడ మీంచే కదా మొదటిసారి కబురు దాటింది. పాపం ఆవిడ తప్పేముంది, విన్నది, సంతోషించింది, మినుములు వేయించింది. షంషాద్ చిటికెడు ఉప్పు తీసి చల్లింది. ఇందాక చల్లిందా? చల్లినట్టే ఉంది. చల్లాలనుకుందేమో. పిల్లి వచ్చింది, అప్పుడు చల్లాలనుకుంది, ఇంతలో మొక్కు గుర్తొచ్చింది, మొక్కు ముందా ఉప్పు ముందా? కైమాని ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసింది. అన్ని దినుసులూ తమ తమ పేర్లు చెప్పాయి. ఉప్పు ఒక్కటీ నోరు మెదపలేదు.

అరచేతులకి నూనె రాసుకుని ఉండలు కట్టడం మొదలెట్టింది. ఎడంచేతిలో ముద్ద, కుడిచేత్తో తిప్పుడు, మెత్తగా, ఎక్కడా పగులు లేకుండా. పగులుంటే పులుసులో విచ్చుకుపోతుంది. ఇది షహజాది నేర్పింది. భీమిలిలో వాళ్ళ నానమ్మ ఉండకి దారం చుట్టేది, షహజాది చూసి నవ్వింది, "దారవెందుకే? సెయ్యి సక్కగా తిరిగితే అదే నిలబడతాది" అంది. నిలబడతాది. ఆ మాట ఇప్పుడు లోలోపల మళ్ళీ అనుకుంది. తిప్పుతుంటే చేతుల్లో చిన్న వెచ్చదనం, గుండ్రంగా, ఏమీ అడగని బరువు. నజీర్ గుర్తొచ్చాడు. స్టీల్ ప్లాంటు కట్టేచోట ఫిట్టరు. ఎంతెంతో ఎత్తున ఇనుప దూలాల మీద నిలబడి బోల్టులు బిగించే మనిషి, ఇంటికొచ్చి కోఫ్తా ముందు కూచుంటే చిన్నపిల్లాడైపోతాడు, మొదటిదాన్ని వేలితో నొక్కి చూసి, ఆవిరి పీల్చి, అప్పుడు తింటాడు. సోమవారం నుంచి అతనికి సాయంత్రం షిఫ్టు. రోజా అక్కడే దుమ్ములో ఖర్జూరంతో విడవాలి. అందుకే ఇవాళ కోఫ్తాలు. అతనికి చెప్పాలని ఎన్నిసార్లు అనుకుంది. నిద్రపోతున్న అతని వీపు మీద చెయ్యి వేసి, మాట గొంతు దాకా తెచ్చి, మింగేసింది. చెబితే అతని ముఖంలో ఏదో వెలుగుతుంది. రెండుసార్లు వెలిగింది, రెండుసార్లు ఆరింది. ఆరినప్పుడు ఆ ముఖం చూసింది తను. మూడోసారి చూడటం తన వల్ల కాదు. అంతే, వల్ల కాదు.

రెండోసారి పోయినప్పుడు తను గోడ వైపు తిరిగి పడుకుంది, ఎన్నాళ్ళో తెలీదు, పగలూ రాత్రీ ఒకటే. గంజి పెడితే తాగలేదు, రొట్టె పెడితే ముట్టలేదు. ఒక మధ్యాహ్నం వంటింట్లో రోలు చప్పుడు. రుబ్బుతున్న చప్పుడు చాలాసేపు. తర్వాత వాసన. షహజాది కంచం తెచ్చి మంచం పక్కన నేల మీద కూచుంది, కోఫ్తాని వేళ్ళతో చిదిపి, అన్నంలో మెత్తగా కలిపి, చిన్న ముద్ద చేసి ఆమె పెదాల దగ్గర పెట్టింది. ఎప్పుడూ వాగే మనిషి ఆరోజు ఒక్క మాటా అనలేదు. షంషాద్ నోరు తెరిచింది. ఆ ముద్ద ఎంత బాగుందంటే, అంత బాధలో అంత బాగుండటం సిగ్గనిపించి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తింది. ముద్ద మీద ముద్ద. ఈ ముసలమ్మ దగ్గర ఇప్పుడు అబద్ధం ఆడుతోంది తను. తలుపు వెనక ఆవిడ ప్రేమగా మూతపెట్టిన అన్నం పిల్లికి పెడుతోంది. అయ్యో, ఉప్పు. ఉప్పు చాలదేమో. ఆవిడకి చప్పటి కోఫ్తా పెడతానా? షంషాద్ కట్టిన ఉండల్ని కూడా మళ్ళీ గిన్నెలో వేసి మెదిపి, ఈసారి చిటికెడు కాదు, కొంచెం ధారాళంగానే వేసి కలిపింది. మళ్ళీ ఉండలు కట్టింది. ఎండ గోడ మీంచి జారి పెరట్లో పసుపచ్చగా పడింది. సమయం ఎక్కడికీ పోవడం లేదు, అలాగే ఈ పెరట్లో కూచుండిపోతే బాగుండు, అజాను రాకుండా, ఎవరూ ఏమీ అడగకుండా, ఒక్కో ఉండా తిప్పుకుంటూ తొమ్మిది నెలలూ ఇక్కడే.

"సూసావేటి?" షహజాది వెనకే నిలబడి ఉంది, తస్బీ పూసలదండ చేతిలో. ఎప్పుడొచ్చిందో.

"సూసాను అమ్మీ."

"సరిపోనాదా?"

"సరిపోనాది."

ఉల్లి, కొబ్బరి, గసాల పులుసు స్టవ్వు మీద తుకతుకమంటోంది. షంషాద్ ఒక్కో ఉండనీ మెల్లగా అందులోకి జారవిడిచింది. గరిటె పెట్టకూడదు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని ఊపాలి, ఉయ్యాల ఊపినట్టు. ఊపింది. ఒక్కటీ విరగలేదు. అన్నీ మునిగి, కాసేపు అడుగున ఉండి, ఒకదాని వెనక ఒకటి పైకి తేలాయి. ఆమెకి ఎందుకో చాలా ధైర్యం వచ్చింది.

అజాను వినిపించింది. మావగారు కొట్టు కట్టేసి వచ్చాడు, నజీర్ కాళ్ళు కడుక్కుని వచ్చాడు. ఖర్జూరం, నీళ్ళు. ఆ మొదటి గుక్క షంషాద్ గొంతులోంచి దిగుతుంటే కళ్ళు మూసుకుంది. ఇవాళ్టిది కూడా నిలిచింది. మగవాళ్ళు మసీదుకి వెళ్ళొచ్చాక నలుగురూ నేల మీద పరిచిన దస్తర్‌ఖాను చుట్టూ కూచున్నారు. షహజాది వడ్డించింది. నజీర్ మొదటి కోఫ్తాని వేలితో నొక్కి, ఆవిరి పీల్చి, సగం కొరికాడు. దవడలు ఆగాయి. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, "ఏటమ్మీ ఇది? సముద్రంలో ఉడకబెట్టీసావేటి?" అన్నాడు. పీర్ మహమ్మద్ అప్పటికే నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక కూచుని ఉన్నాడు. ఉప్పెవరు చూశారని అడగడానికి నోరు తెరిచి, మూసేశాడు. రంజాను నెలలో మగాడు అడక్కూడని ప్రశ్న ఏదైనా ఉందంటే అదే.

షహజాది ఒక ముక్క నోట్లో వేసుకుంది. నములుతున్నదల్లా ఆగి, తలెత్తి కోడలి వంక చూసింది. నోట పెట్టిన మనిషెవరూ ఇంత ఉప్పుని సరిపోయిందని చెప్పరు. అంటే నోట పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? ఆ చూపు ఆ ప్రశ్న దగ్గర ఆగి, అక్కణ్ణుంచి తలుపు వెనక కంచం దగ్గరికి పోయి, గోడ మీద కూచుని మూతి నాక్కుంటున్న పిల్లి దగ్గరికి పోయి, పోయిన నెలలోకి పోయి, తిరిగి వచ్చి షంషాద్ ముఖం మీద ఆగింది. ముసలమ్మ నోరు తెరిచింది. అయిపోయింది, అనుకుంది షంషాద్. ఇంకో నిమిషంలో గోడ దాటుతుంది, రేపటికి సందు దాటుతుంది.

"నానే ఏసాను" అంది షహజాది మొగుడితో. "ఏసింది మర్సిపోయి మల్లీ ఏసీసాను. ముసిల్దాన్నైపోనాను, ఏటి సేత్తాను? అన్నం ఎక్కువ కలుపుకుని తినండి." తినేశారు. నీళ్ళ కూజా రెండుసార్లు నిండింది. షహజాది తన కంచంలోవి ఒక్కటీ వదల్లేదు.

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే షంషాద్ ఇక ఉండలేకపోయింది. "అమ్మీ, నాను..." అంది. షహజాది చటుక్కున అరచేత్తో ఆమె నోరు మూసేసింది. ఆ చెయ్యి పుదీనా వాసన వేస్తోంది.

"సెప్పకు. నువ్ సెప్తే నాకు తెలిసిపోద్ది. తెలిసిపోతే ఈ నోరు ఆగదు, నీకు తెలీదేటి? నాకేటీ తెలీదు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు తెలిసే రోజు కడుపే సెప్తాది. అందాకా సెప్పకు."

"వదినగారూ!" గోడవతల్నుంచి మంగాయమ్మ. "కైమా ఉండలు ఎలా కుదిరాయేంటి?"

షహజాది కొంగుతో కళ్ళు ఒత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. షంషాద్ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వింది.

"ఉప్పెక్కువైపోనాది మంగాయమ్మా. నా సెయ్యే."

"అయ్యో. పోనీలెండి. ఇంకేంటి కబుర్లు?"

పెరట్లో కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ ఇంటికి కాపురానికొచ్చాక అత్తగారు మాట కోసం తడుముకోవడం షంషాద్ అదే మొదటిసారి వినడం.

"కబుర్లేటి" అంది షహజాది. "ఏటీ లేవు." అని లోపలికి వచ్చి తలుపేసింది.